ఓడిన పిల్లలకు ఇంకొక్క రోజు ఇవ్వండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల క్రీడాశాఖ మంత్రులకు,



నేను గుంతకల్లులో పిల్లలకు జూడో నేర్పే శిక్షకురాలిని. చదువుకునే రోజుల్లో ఇదే ఊరి స్కూలు నుంచి పోటీలకు వెళ్లాను. మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. నేను అడగబోయేది రెండు రాష్ట్రాల పిల్లలకూ అవసరమైనది. ఒకరు మొదలుపెడితే రెండోవారికి దారి సులువవుతుంది.

కోరిక చిన్నదే. రాష్ట్రస్థాయి స్కూల్ జూడో పోటీలు ముగిశాక ఇంకొక్క రోజు పిల్లలందరినీ అక్కడే ఉంచండి. పతకం వచ్చినవాళ్లనూ, మొదటి ఫైట్‌లోనే ఓడినవాళ్లనూ ఒకే మ్యాట్ మీదికి పిలిచి, జిల్లాలు కలిపి ప్రాక్టీసు చేయించండి. ఒక్క రోజు కోసం ఇంత ఉత్తరమా అనుకోవచ్చు. ఆ రోజు లేకపోవడం వల్ల మా పిల్లలు ఏం పోగొట్టుకుంటున్నారో తెలియాలంటే జూడో గురించీ, దూరప్రయాణాల గురించీ, వాటిలో పుట్టే స్నేహాల గురించీ కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు పోటీ లెక్క చూడండి. ఒక వెయిట్‌లో 32 మంది దిగారనుకుందాం. మొదటి రౌండ్ ముగిసేసరికి 16 మంది ఆట అయిపోతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి ఓడినవాళ్లకే కాంస్యం కోసం మళ్లీ ఆడే అవకాశం ఉంటుంది. మిగతావాళ్లు సంచి సర్దుకోవడమే. ఫైట్ నిడివి నాలుగు నిమిషాలు. ఎదుటివాళ్లు ఊపుగా ఎత్తి, వీపు మ్యాట్‌కు ఆనేలా పడేస్తే ఇప్పన్; ఆట అక్కడే ఆగిపోతుంది. అది పదో సెకనులోనైనా జరగవచ్చు. ఏడాది పొడుగునా స్కూలు అయ్యాక సాయంత్రాలు దెబ్బ తగలకుండా పడడం నేర్పే బ్రేక్‌ఫాల్స్ చేసిన పిల్ల, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన పిల్ల, పట్టుమని నిమిషం ఆడకుండానే మ్యాట్ దిగుతుంది. నేను చూసిన చాలా పోటీల్లో, ఓడినవాళ్లను అందిన బస్సుకు ముందే పంపేస్తారు. గెలిచినవాళ్లు పతకం అందుకుని ఫొటో దిగి వస్తారు. ఒకే జట్టుగా బయల్దేరినవాళ్లు రెండు ముక్కలై ఇల్లు చేరతారు.

అలా వెళ్లిన పిల్ల మరుసటి ఏడాది మళ్లీ వస్తుందా అన్నది మాలాంటి శిక్షకులను వేధించే ప్రశ్న. నా సెంటర్‌లో నేను గమనించింది ఒకటుంది. గెలిచిన పిల్లలు ఎలాగూ వస్తారు. ఓడినవాళ్లలో తిరిగి వచ్చేది, పోటీ జరిగిన ఊళ్లో ఎవరితోనైనా స్నేహం చేసుకుని వచ్చిన పిల్లలే. “మేడం, ఈసారి కూడా ఆ అమ్మాయి వస్తుందంట” అని చెప్పే పిల్లను ఇక ప్రాక్టీసు మానమన్నా మానదు. ఆ స్నేహానికి కావలసిన సమయాన్నే మనం ఇవ్వడం లేదు.

జూడో పుట్టుకలోనే ఎదుటివాళ్లకూ చోటుంది. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధ ఆలయంలో, 12 చాపల గదిలో జిగోరో కానో దీన్ని మొదలుపెట్టారు. ఆయన వృత్తిరీత్యా విద్యావేత్త. ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలకు ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో చేరిన తొలి ఆసియావాసి కూడా ఆయనే. తానూ, తనతో తలపడేవాడూ కలిసి బాగుపడాలన్నది ఆయన తన విద్యార్థులకు చెప్పిన మూల సూత్రాల్లో ఒకటి. అది గోడమీద రాసిపెట్టుకునే నీతివాక్యం కాదని మ్యాట్ మీద ఒక్క పూట కూర్చుని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇప్పన్ సియోనాగే అనే త్రో నేర్పేటప్పుడు చూడండి. వేసే పిల్ల ఎడమచేత్తో ఎదుటి పిల్ల కుడి స్లీవ్ పట్టుకుంటుంది. గిరుక్కున తిరిగి, తన కుడిచేతిని ఆ పిల్ల చంక కిందికి దూర్చి, మోకాళ్లు వంచి, వీపు మీదికి ఎత్తుకుని ముందుకు పడేస్తుంది. చూసేవాళ్లకు అంతవరకే కనిపిస్తుంది. అసలు పాఠం పడేసే ఆఖరి క్షణంలో ఉంది. ఎడమచేయి స్లీవ్‌ను వదలకూడదు, పైకి లాగి పట్టుకోవాలి. అలా పట్టుకుంటేనే పడే పిల్ల తల నేలకు కొట్టుకోదు. పక్కకు ఒరిగి, ఖాళీగా ఉన్న చేత్తో మ్యాట్‌ను చరిచి దెబ్బ కాచుకుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు పడేసిన సంబరంలో స్లీవ్ వదిలేస్తారు. “పట్టుకో, వదలొద్దు” అని మేము గొంతు పోయేలా అరుస్తూనే ఉంటాం. నెల తిరిగేసరికి అది చేతికి అలవాటవుతుంది. ఆ తర్వాత వంతులు మారతాయి. ఇప్పటిదాకా పడేసిన పిల్ల ఇప్పుడు పడాలి.

ఇలా ఒకరికొకరు ఒళ్లు అప్పగించుకుంటేనే ఈ ఆట వస్తుంది. పరుగుపందెం పిల్ల గ్రౌండులో ఒంటరిగా పరిగెత్తుకోవచ్చు. బాస్కెట్‌బాల్ పిల్ల ఒక్కతే రింగులోకి బంతి వేసుకోవచ్చు. జూడోలో తోడు లేకుండా చేయగలిగింది ఏ కాస్తో. పైగా ఎప్పుడూ అదే తోడైతే చాలదు. మాలాంటి ఊళ్లో సెంటర్‌కు వచ్చే కొద్దిమంది పిల్లలకు ఒకరి ఎత్తులు ఒకరికి కంఠతా వచ్చేస్తాయి. ఎవరు ఏ కాలు ముందుకు వేస్తారో, ఎవరి గ్రిప్ ఎక్కడ పడుతుందో కళ్లు మూసుకుని చెప్పేస్తారు. మా దగ్గర ఎడమచేతి వాటం పిల్లలు లేని ఏడాది పోటీకి వెళ్తే, జీవితంలో మొదటి ఎడమచేతి ప్రత్యర్థి ఫైట్‌లోనే ఎదురవుతుంది. గ్రిప్ అంతా తలకిందులవుతుంది. ఏం జరిగిందో తెలిసేలోపే ఇప్పన్. అదే ప్రత్యర్థితో మర్నాడు నాలుగైదు సార్లు రాండోరి, అంటే గెలుపోటముల లెక్క లేకుండా స్వేచ్ఛగా తలపడే ప్రాక్టీసు, చేసే వీలుంటే ఆ ఓటమి చదువుగా మారుతుంది. ఆ ప్రత్యర్థి ఆ హాల్లోనే ఉంది, ఆ మ్యాట్లు పరిచే ఉన్నాయి. మా పిల్ల మాత్రం బస్సులో ఉంటుంది.

ఇక ప్రయాణాల సంగతి. మాది రైల్వే జంక్షన్. ఢిల్లీ వైపు జాతీయ పోటీలుంటే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ కోసం రాత్రిపూట ప్లాట్‌ఫారం మీద సామాన్లు పక్కన పెట్టుకుని కూర్చోవడం మాకు అలవాటే. రాష్ట్ర జట్టు సగం స్లీపర్ బోగీలోనే తయారవుతుందని నేను నమ్ముతాను. ఎంపికైన పిల్లలు ఒక ఊరివాళ్లు కారు. శ్రీకాకుళం పిల్ల, కడప పిల్ల, మా గుంతకల్లు పిల్ల ఒకరినొకరు సరిగ్గా పలకరించుకునేది ఆ బోగీలోనే. మొదట ఒకరి యాస ఇంకొకరికి వింతగా ఉంటుంది. తెల్లవారేసరికి ఎవరి దుప్పటి ఎవరు కప్పుకున్నారో చెప్పలేం.

ఒక ఏడాది మా జట్టులో 44 కిలోల వెయిట్‌లో ఆడాల్సిన అమ్మాయికి రైలెక్కగానే భయం పట్టుకుంది. ఇంటి దగ్గర చూసుకున్నప్పుడు కాస్త పైన ఉందట. ఇక అన్నం ముట్టనంటుంది. ఎదిగే పిల్లలు కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. పక్కన కూర్చుని ఇడ్లీ తినిపించాను, మజ్జిగ తాగించాను. అయినా ఆ పిల్ల బెంగ తీరలేదు. పై బెర్తులో 57 కిలోల అమ్మాయి ఉంది. బరువుతో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. వాళ్లమ్మ పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపి పంపింది. ఆ అమ్మాయి డబ్బా మూత తీయలేదు. “నువ్వు వెయిట్ ఇచ్చినాక ఇద్దరం తిందాం లే” అంది. మర్నాడు తూకం అయ్యాక ఆ గది బయట మెట్ల మీద కూర్చుని ఇద్దరూ ఆ డబ్బా ఖాళీ చేశారు. ఇద్దరివీ వేరు వేరు జిల్లాలు. రైలెక్కేముందు ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఆ పోటీలో ఇద్దరికీ పతకాలు రాలేదు. ఇప్పటికీ ఒకరి ఊరికి ఒకరు పండగలకు వెళ్తారు.

ఇంకో సంగతి జాతీయ పోటీల్లో జరిగింది. ఫైట్‌లో ముందు పేరు పిలిచినవారు తెల్ల జూడో డ్రెస్, తర్వాత పేరు పిలిచినవారు నీలం డ్రెస్ వేసుకోవాలి. రెండు డ్రెస్సులు కొనుక్కునే స్తోమత మా పిల్లల్లో చాలామందికి ఉండదు. మా అమ్మాయి పేరు నీలం వైపు పడింది. ఉన్నదేమో తెలుపు. పేరు పిలిచే వేళ దగ్గరపడుతోంది, మా పిల్ల కళ్లలో నీళ్లు. అప్పుడే ఫైట్ ముగించి వచ్చిన మణిపూర్ అమ్మాయి ఒకతె సంగతి గ్రహించి, తాను వేసుకున్న నీలం పైచొక్కా విప్పి చేతికిచ్చింది. చెమటకు తడిసి బరువెక్కిన చొక్కా. ఇద్దరిదీ ఒకే వెయిట్. ఈ ఫైట్ గెలిస్తే తర్వాతి రౌండ్‌లో మా పిల్ల తలపడాల్సింది తనతోనేనని ఆ అమ్మాయికి తెలుసు. మా పిల్ల గెలిచింది. తర్వాతి రౌండ్‌లో ఆ మణిపూర్ అమ్మాయి తెలుపు వేసుకుని వచ్చి, తన నీలం చొక్కా తొడుక్కున్న మా పిల్లను ఓడించింది. ఓడించి, చేయిపట్టి లేపి, వంగి నమస్కరించి, గట్టిగా కావలించుకుంది. ఆ సాయంత్రమే మాకు రైలు. ఒక్క పూట ఆగి ఉంటే ఆ రెండు చేతులూ ప్రాక్టీసులో ఒకదానికొకటి ఎన్ని సంగతులు చెప్పుకునేవో.

నేను అడుగుతున్న ఆ అదనపు రోజు నాకు అనుకోకుండా దొరికింది కాబట్టే దాని విలువ నాకు తెలుసు. స్కూల్లో ఉన్నప్పుడు జాతీయ పోటీల్లో ఒక పంజాబీ అమ్మాయి నన్ను మొదటి ఫైట్‌లోనే ఓడించింది. నేను ముందుకు వేస్తున్న పాదాన్ని తన అరికాలితో చీపురులా తుడిచేసింది. డెయాషి బరాయి అంటారు దాన్ని. బలంతో పనిలేని త్రో అది, అంతా అదను మీద ఆధారపడి ఉంటుంది. మా తిరుగు రిజర్వేషన్లు ముందుకు జరపడం కుదరలేదు. అందుకని మా జట్టంతా పోటీలయ్యాక కూడా అక్కడే ఉండిపోయాం. వాళ్లదీ అదే పరిస్థితి. మర్నాడు ఖాళీ హాల్లో ఒక మూల మిగిలిన మ్యాట్ల మీద ఆ అమ్మాయి కనిపించింది. నాకు హిందీ అంతంతమాత్రం, తనకు తెలుగు ఒక్క ముక్క రాదు. నా కాలు చూపించి, తన కాలు చూపించి, పాదం మీద పూర్తి బరువు పడే ముందు రెప్పపాటులో తుడవాలని నేర్పింది. పదేపదే నన్ను పడేసి, పదేపదే నా చేత పడేయించుకుంది. మధ్యాహ్నం దాటేసరికి ఆ త్రో నాకు వచ్చింది. ఆమె నాకు స్నేహితురాలైంది.

ఆ తర్వాత ఉత్తరాలు రాసుకున్నాం, ఫోన్లు వచ్చాక ఫోన్లు. పెళ్లిళ్లు, పిల్లలు, మోకాలి నొప్పులు, అన్నీ ఒకరికొకరం చెప్పుకున్నాం. ఇప్పుడు తనూ గుర్‌దాస్‌పూర్‌లో పిల్లలకు నేర్పుతోంది. జాతీయ పోటీల్లో మా ఇద్దరి పిల్లలూ ఎదురుపడితే ఇద్దరం చెరో మూల కోచ్ కుర్చీలో కూర్చుంటాం. తన పిల్లలు నన్ను మౌసీ అంటారు, మా పిల్లలు తనను పిన్నీ అంటారు. నేను ఈ రోజుకూ ఈ ఆటలో ఉన్నానంటే, రిజర్వేషన్ దొరకని ఆ ఒక్క రోజే కారణం. ఈ తరం పిల్లలకు అది అదృష్టం కొద్దీ దొరకాల్సిన అవసరం లేదు. మీరు తలచుకుంటే ఏర్పాటుగా దొరుకుతుంది.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ జరుగుతుండగా ఒక సాయంత్రం మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఫైట్ ఫలితం కోసం ఎదురుచూశాం. ఆ ఒలింపిక్స్‌లో జూడో నుంచి మన దేశం తరఫున వెళ్లింది ఒక్కరే, అవతార్ సింగ్. ఆయనదీ గుర్‌దాస్‌పూర్ జిల్లానే. 90 కిలోల తొలి ఫైట్‌లో ఎదురుగా నిలబడిన పొపోలె మిసెంగాకు దేశం జెండా లేదు. కాంగో యుద్ధంలో కుటుంబం చెల్లాచెదురైన మిసెంగా 2013లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలకని రియో వచ్చి, తిరిగి వెళ్లలేక బ్రెజిల్‌లోనే శరణు కోరాడు. ఆయనతోపాటు వచ్చిన యోలాండె మబికా కూడా అంతే. రియోలో పేద పిల్లలకు జూడో నేర్పే ఇన్‌స్టిట్యూటో రెయాసావో అనే సంస్థ వాళ్లిద్దరికీ మ్యాట్ మీద చోటిచ్చింది. అదే సంస్థలో ఎదిగిన రఫాయెలా సిల్వా ఆ ఒలింపిక్స్‌లో బ్రెజిల్‌కు స్వర్ణం తెచ్చింది. మిసెంగా, మబికా పదిమంది సభ్యుల తొలి శరణార్థి జట్టులో చేరి ఒలింపిక్స్‌లో దిగారు. ఆ రోజు అవతార్ సింగ్ ఓడిపోయాడు. మాకు బాధ కలిగింది. కానీ ఊరుకాని ఊళ్లో, భాష రాని చోట, కొత్తవాడి కాలర్ పట్టుకుని ప్రాక్టీసు మొదలుపెట్టిన వాళ్లే మిసెంగాకు ఇల్లయ్యారని తెలిసినప్పుడు నా స్నేహితురాలూ నేనూ చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. పోటీకని బయల్దేరిన మనిషికి మ్యాట్ మీది స్నేహం ఎంత దూరం తోడువస్తుందో అంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2022లో సరయెవోలో జరిగిన ప్రపంచ క్యాడెట్ చాంపియన్‌షిప్‌లో 57 కిలోల విభాగంలో లింథోయ్ చనంబం స్వర్ణం గెలిచింది. ఏ వయసు విభాగంలోనైనా జూడోలో భారత్‌కు దక్కిన తొలి ప్రపంచ టైటిల్ అది. ఆ అమ్మాయిది మణిపూర్. తర్ఫీదు పొందింది మా గుంతకల్లు నుంచి బళ్లారి మీదుగా వెళ్తే వచ్చే విజయనగర్‌లోని ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో. నేర్పిన గురువు జార్జియా దేశస్థుడు మముకా కిజిలాష్విలి. ఫైనల్లో ఓడించింది బ్రెజిల్ అమ్మాయిని. ఇన్ని ఊళ్లు, ఇన్ని భాషలు, ఇన్ని రకాల గ్రిప్పులు కలిస్తే ఒక చాంపియన్ తయారైంది. మనకూ అలాంటి పిల్లలు ఉన్నారు. వాళ్లను ఒకరితో ఒకరిని కలపడమే మిగిలింది.

నేను అడుగుతున్నది ఎక్కడా లేని వింత కాదు. యూరప్‌లో పిల్లలకూ, యువతకూ జరిగే చాలా అంతర్జాతీయ పోటీలు ముగియగానే అదే ఊళ్లో రెండు మూడు రోజుల ఉమ్మడి శిబిరం నడుస్తుంది. నిన్న తలపడిన దేశాల పిల్లలు ఇవాళ వందల సంఖ్యలో ఒకే మ్యాట్ మీద రాండోరి చేస్తారు. పోటీకి వచ్చేదే ఈ శిబిరం కోసమని చెప్పే కోచ్‌లు ఉన్నారు. నేను మూడు రోజులు కూడా అడగడం లేదు. ఒక్క రోజు చాలు.

ఆ రోజు ఎలా గడవాలో కూడా చెప్తాను. పొద్దున బరువుల వారీగా పిల్లలను విడదీసి రెండు గంటల రాండోరి. నాలుగు నిమిషాలకోసారి జత మారాలి, ఒకే జిల్లావాళ్లు జతకట్టకూడదు. తర్వాత, పతకాలు వచ్చినవాళ్లు తాము గెలిచిన త్రోను అందరి ముందూ నెమ్మదిగా చేసి చూపించాలి. ఆ త్రోకు పడినవాళ్లే పక్కన నిలబడి సాయం చేయాలి. మధ్యాహ్నం భోజనాలు జిల్లాల వారీగా కాక బరువుల వారీగా కూర్చుని చేయాలి. సాయంత్రం రెఫరీలు వచ్చి ఏ తప్పుకు షిడో అనే పెనాల్టీ ఇచ్చారో, ఎందుకు వజారి అనే పాయింటు ఇచ్చారో పిల్లలకు విప్పి చెప్పాలి. అలసిపోయిన పిల్లలు, దెబ్బ తగిలినవాళ్లు పక్కన కూర్చుని చూస్తారు. అంతే. దీనికి కొత్తగా ఏ భవనమూ కట్టక్కర్లేదు.

మీ అధికారులు అడగబోయే ప్రశ్నలు నాకు తెలుసు. మొదటిది ఖర్చు. మ్యాట్లు పరిచే ఉంటాయి. హాలు తీసుకునే ఉంటారు. కోచ్‌లు, రెఫరీలు, డాక్టరు అక్కడే ఉంటారు. పిల్లలు రానూపోనూ చార్జీలు ఎలాగూ పెట్టుకున్నారు. అదనంగా పడేది ఒక రాత్రి బస, ఒక రోజు తిండి. ఓడినవాళ్ల మీద ఈ ఖర్చు దండగ అని ఎవరైనా అంటే, ఒక ప్రశ్న అడగండి. జట్టులో ఎక్కువమంది ఓడినవాళ్లే కదా? వాళ్లందరినీ తెచ్చిన ఖర్చంతా ఆ నిమిషం ఫైట్ కోసమే అయితే, అసలు దండగ అది. ఇంకొక్క రోజు కలిపితే ఆ మొదటి ఖర్చుకూ అర్థం వస్తుంది.

రెండోది చదువు. ఒక రోజు క్లాసు పోతుంది, నిజమే. ఆ రోజు మరో జిల్లా పిల్లతో మాట్లాడి, మరో పద్ధతి నేర్చుకుని, గెలిచినవాళ్ల దగ్గర గర్వం లేకుండా, ఓడినవాళ్ల దగ్గర బెరుకు లేకుండా ఉండడం నేర్చుకుంటే, అదీ బడి నేర్పాల్సిన పాఠమే.

మూడోది ఆడపిల్లల భద్రత. దీని గురించి నేను గట్టిగానే చెప్పాలి. జట్టుకు పిల్ల ఎంపికైందని చెప్పడానికి ఇళ్లకు వెళ్తే తల్లులు నన్ను అడిగే మొదటి మాట “అంత దూరం ఆడపిల్లను పంపేదెట్లా మేడం?” అనే. వాళ్ల భయం న్యాయమైనది. ఓడిన పిల్లలను ఇద్దరు ముగ్గురేసి అందిన బస్సు ఎక్కించి, చీకటి పడ్డాక ఊరు చేరేలా పంపుతున్నప్పుడే ఆ భయం నిజమయ్యే వీలుంది. జట్టంతా ఒకేచోట ఉండి, మహిళా కోచ్ తోడుగా, ముందుగా తీసిన టికెట్లతో, పగటిపూట కలిసి బయల్దేరితే ఆ తల్లులకు నేను ధైర్యంగా మాట ఇవ్వగలను. ఆడపిల్లల జట్టు ఏదీ మహిళా కోచ్ లేకుండా కదలకూడదన్న ఆదేశం కూడా ఈ ఏర్పాటుతోపాటే ఇవ్వండి. 1929లోనే రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ నుంచి షింజో టకగాకి అనే గురువును శాంతినికేతన్‌కు రప్పించి ఆడపిల్లలకు కూడా జూడో నేర్పించారు. దాదాపు వందేళ్ల తర్వాత ప్రయాణపు భయం వల్ల మన ఆడపిల్లలు ఆట మానేయకూడదు.

ఇది నడిచాక, ఇంకో అడుగు వేయమని అడుగుతాను. వేసవి సెలవుల్లో రెండు రాష్ట్రాల జూడో పిల్లలకూ ఒక ఉమ్మడి శిబిరం పెట్టండి. ఒక ఏడాది అటు, ఒక ఏడాది ఇటు. 2014 తర్వాత మన పిల్లలు రెండు జట్లుగా జాతీయ పోటీలకు వెళ్తున్నారు. అది అలాగే ఉండాలి, రెండు జట్లంటే రెట్టింపు పిల్లలకు అవకాశం. కానీ ప్రాక్టీసుకు గీతలెందుకు? కర్నూలు పిల్లకు విశాఖపట్నం కంటే హైదరాబాద్ చాలా దగ్గర. ఖమ్మం పిల్లకు ఆదిలాబాద్ కంటే విజయవాడ దగ్గర. జాతీయ పోటీల్లో తెలంగాణ పిల్ల మ్యాట్ ఎక్కితే మా పిల్లలు పేరు పెట్టి అరుస్తూ ప్రోత్సహించడం, మా పిల్ల ఎక్కితే వాళ్లు లేచి నిలబడడం నేను ఎన్నో హాళ్లలో చూశాను. పంజాబ్, హర్యానా, మణిపూర్ పిల్లల మధ్య నిలబడినప్పుడు వాళ్లకు వినిపించే తెలుగు మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఒకటే. వాళ్లు ఇప్పటికే కలిసి ఉన్నారు. కలిసి సాధన చేసే చోటు చూపించండి చాలు.

మా వంతు మేము చేస్తాం. ఆ అదనపు రోజుకు నేను ఏ భత్యమూ అడగను. నాకు తెలిసిన కోచ్‌లు, పాత ఆటగాళ్లు చాలామంది అదే మాట అన్నారు. ఉమ్మడి ప్రాక్టీసు ఎలా నడపాలో రాసి ఇవ్వమంటే రాసిస్తాం, దగ్గరుండి నడపమంటే నడుపుతాం.

ఈ ఏడాది రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కో పోటీతో మొదలుపెట్టి చూడండి. పోటీ తేదీలు ప్రకటించే ఉత్తర్వులోనే ఆ అదనపు రోజునూ చేర్చండి. అప్పుడు టికెట్లు దానికి తగ్గట్టు తీస్తారు, బస దానికి తగ్గట్టు చూస్తారు, తల్లిదండ్రులకు ముందే తెలుస్తుంది. మరుసటి ఏడాది అదే పోటీకి ఎంతమంది తిరిగి వచ్చారో మీ అధికారుల చేతే లెక్క వేయించండి. ఆ లెక్క చూశాకే ఈ ఏర్పాటు కొనసాగించాలో వద్దో తేల్చండి. మా పిల్లల మీద, వాళ్ల స్నేహాల మీద నాకు నమ్మకం ఉంది కాబట్టి ఆ లెక్కకు నేను సిద్ధం.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయురాలు,
ఒక జూడో శిక్షకురాలు,
గుంతకల్లు.